గోంగూర చోరీ గురించి నేనిచ్చిన మూడు ఫిర్యాదులు

మాళవికా కేంద్ర ఉద్యోగుల నివాస సముదాయం,
వైశాలి, గాజియాబాద్.
23 సెప్టెంబరు 2025, మంగళవారం.

నిర్వహణాధికారి శ్రీ కిరీటి గారి సముఖమునకు,

బి-4 బ్లాకు, కింది అంతస్తు, రెండవ నంబరు క్వార్టరులో నివసించుచున్న సెక్షన్ ఆఫీసరు లక్ష్మీపతి వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా క్వార్టరు వెనుక తోటలో గోంగూర చోరీ గురించి జూలై 8, జూలై 22, ఆగస్టు 7 తేదీలలో నేనిచ్చిన మూడు ఫిర్యాదులను వెనక్కు తీసుకొనుట, మరియు గార్డు హర్‌స్వరూప్ పేరు మీద పడిన 'చోరీ' అను మాటను చెరిపించుట గురించి.

1. పై మూడు ఫిర్యాదులు నేను ఇంగ్లీషులో ఇచ్చియుంటిని. ఈ నాల్గవ కాగితము తెలుగులో ఇచ్చుటకు తమరు తెలుగువారగుట ఒక కారణము. అసలు కారణము వేరు. దీనిని కూడా మొదట ఇంగ్లీషులోనే వ్రాయబోతిని. ముప్పయి ఆరేళ్ళ సర్వీసు అలవాటు వల్ల ఆ భాషలో నా తప్పు నా తప్పులాగా రావడం లేదు. 'అట్లు భావింపబడినది', 'తదనుగుణంగా చర్య కోరబడినది' అని వస్తోంది. భావించినదెవరో, కోరినదెవరో ఎక్కడా కనబడరు. మూడు కాగితాలు చింపిన మీదట, తెలుగులో అయితే 'నేను' అనక తప్పదని తోచి ఇందులోకి దిగినాను.

2. కింది అంతస్తు వారికి వెనుక వైపు పన్నెండడుగుల జాగా తోటకు వాడుకొనుటకు అనుమతి ఉన్న సంగతి తమకు విదితమే. అందులో నేను బెండ, దోస, రెండు మళ్ళ ఎర్ర గోంగూర వేసితిని. గోంగూర విత్తనాలు తెనాలి నుంచి మా బావమరిది కవరులో పెట్టి పంపించినవి. ఏప్రిల్ ఆఖరున చల్లితే జూన్ ఆఖరుకు నడుమెత్తు వచ్చాయి. ఆ ఆకును నేను ఎవరినీ తాకనివ్వలేదు. ఒక పెద్ద జాడీ పచ్చడికి సరిపడా అయ్యేదాకా కోయకూడదని పట్టుబట్టినాను. నా భార్య అన్నపూర్ణేశ్వరి ఒకనాడు పప్పులోకి నాలుగు ఆకులు కోస్తానంటే, "ఇప్పుడు కాదు" అని ఆఫీసులో సెలవు చీటీ తిప్పి పంపినట్టు తిప్పి పంపినాను.

3. జూలై మొదటి వారం నుండి ఆకు తగ్గుట గమనించితిని. నేను ఆఫీసుకు, నా భార్య బడికి (లెక్కల టీచరు) పోయిన తరువాత, మధ్యాహ్నపు వేళ, పని దినములలో మాత్రమే తగ్గుచుండెను. ఆదివారము ఒక్క ఆకు పోయేది కాదు. దొంగ మొక్కను పీకలేదు. కొమ్మ విరవలేదు. చిగుళ్ళు వదిలి, ముదురు ఆకు వదిలి, పులుపు సరిగ్గా ఉండే ఆకును మాత్రమే ఏరి కత్తెరతో కోసినట్లు ఆనవాళ్ళు ఉండెను. దీనిని బట్టి నేను నిశ్చయించినది ఏమనగా: గాజియాబాద్ జిల్లాలో ఈ మొక్కను చూసి ఇది తినే ఆకని గుర్తుపట్టేవాడు తెలుగువాడే. మన కాలనీలో తెలుగు కుటుంబాలు మూడు. ఒకటి నాది. ఒకటి తమది. మిగిలినది మా బ్లాకులోనే రెండవ అంతస్తులో ఉండే శేషగిరి గారిది.

(తమరిని కూడా రెండు రోజులు అనుమానించితిని. ఇది ఫిర్యాదులలో వ్రాయలేదు. ఇప్పుడు క్షమాపణ కోరుచున్నాను.)

4. రెండవ ఫిర్యాదులో దోసకాయలు తొమ్మిది పోయినట్లు చేర్చితిని. అవి కోతులు తీసుకొనిపోయినవి. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఒక కోతి మా గోడ మీద కూర్చొని నన్ను చూస్తూనే తిన్నది. వట్టి ఆకు కోసం ఫిర్యాదు అంటే తేలికగా తీసుకుంటారని, కాయలు కలిపితే బరువు వస్తుందని కలిపినాను.

5. ఆగస్టు 3, ఆదివారం నాడు వైశాలిలోని తెలుగువారము పదకొండు కుటుంబాలు కలిసి భోజనాలు పెట్టుకున్నాము. తలా ఒక వంట చేసి తెచ్చారు. శేషగిరి గారి భార్య సుభాషిణి గారు తెచ్చినది గోంగూర పప్పు. నేను వడ్డించుకోలేదు. గరిట చేత్తో పట్టుకొని అందరూ వినేలా అడిగినాను.

"ఈ గోంగూర ఎక్కడిదండీ?"

"ఐ.ఎన్.ఏ. మార్కెట్టులో కొన్నాం అన్నయ్యగారూ. శనివారం వెళ్ళొచ్చాం."

"బిల్లు ఉందా?"

అయ్యా, ఆకుకూరకు బిల్లు అడిగినాను. పదకొండు కుటుంబాలు తినడం ఆపి నన్ను చూశాయి. శేషగిరి గారు తన ఇస్తరాకు మడిచి లేచారు. "నాది ఎర్ర గోంగూర, ఇది ఏ రకం?" అని నేను ఇంకా అడుగుతున్నాను. తెల్లదే అని ఆవిడ చెప్పారు. "ఉడికితే రంగు ఎవరికి తెలుస్తుంది లెండి" అన్నాను. మా అమ్మాయి భవ్యశ్రీ ఢిల్లీలోనే పుట్టి పెరిగింది, మాతో తెలుగులో తక్కువ మాట్లాడుతుంది. నా మోచెయ్యి పట్టుకొని "పాపా, పత్తే హైఁ. సోనా నహీఁ హై" అంది. వట్టి ఆకులు, బంగారం కాదు అని. నేను వినలేదు. ఆ రోజు నుంచి శేషగిరి గారి కుటుంబము మాతో మాట్లాడలేదు. మిగిలిన తొమ్మిది కుటుంబాలు మాట్లాడతాయి కానీ, మా ఇంటికి వచ్చినప్పుడు తోట వైపు చూడరు.

6. ఇక గార్డు హర్‌స్వరూప్ విషయము. ఇతను బదాయూఁ జిల్లా మనిషి. బి-4 బ్లాకు గేటు దగ్గర ఎనిమిదేళ్ళుగా పగటి డ్యూటీ చేసినాడు. అతని కుర్చీలోంచి చూస్తే నా తోట తలుపు కనబడుతుంది. కాబట్టి అతన్ని నేను మూడు వేర్వేరు రోజుల్లో విచారించితిని. గతంలో రెండేళ్ళు విజిలెన్సు సెక్షనులో పని చేసియుండుట వల్ల విచారణ చేయుట నాకు తెలియునని నా నమ్మకము.

"మధ్యాహ్నం నా తోటలోకి తెలుగు వాళ్ళెవరైనా వచ్చారా?" అని హిందీలో అడిగినాను.

"నహీఁ సాబ్. తెలుగు వాలా కోయీ నహీఁ ఆయా."

"బాగా ఆలోచించి చెప్పు. రెండో అంతస్తు సాబ్?"

"నహీఁ సాబ్."

"వాళ్ళ మేడమ్?"

"నహీఁ సాబ్."

మూడు రోజులూ ఇవే ప్రశ్నలు, ఇవే జవాబులు. తలుపు కనబడే చోట కూర్చున్నవాడు ఎవరూ రాలేదంటున్నాడు, ఆకు మాత్రం పోతోంది, కాబట్టి ఇతను దొంగతో కలిసినాడు అని ఆగస్టు 7న మూడవ ఫిర్యాదు ఇచ్చితిని. 'చోరీలో సహకారము' అను మాట నాదే. ఆ వాక్యము కుదిరినందుకు ఆ సాయంత్రము మనసులో సంతోషించితిని కూడా. ఆగస్టు 11న గార్డుల ఏజెన్సీ వారు అతన్ని తొలగించినారు. అదే మాటతో హిందీలో నోటీసు తయారై బ్లాకు బోర్డు మీద అంటించబడినది. అతను తన గొడుగు, అన్నం డబ్బా తీసుకొనిపోవుటకు వచ్చినప్పుడు బోర్డు ముందు నలుగురు నిలబడి చదువుతున్నారు. నేను మా కిటికీలోంచి చూసినాను. కిందికి దిగలేదు. కింది అంతస్తులోనే ఉంటాను కాబట్టి దిగుటకు మెట్లు కూడా లేవు.

7. అతను పోయిన తరువాత మూడు వారాల పైన ఒక్క ఆకు పోలేదు. నా అనుమానము రుజువైనదని పొంగిపోయి, ఆఫీసులో నలుగురికి చెప్పుకొన్నాను. తోట కాస్త డీలా పడింది. కలుపు పెరిగింది, ఆకుల మీద పురుగు పట్టింది. దానిని వర్షాల మీద వేసితిని.

8. సెప్టెంబరు 5, శుక్రవారం. నాకు వైరల్ జ్వరము వచ్చి ఇంట్లో ఉంటిని. పన్నెండున్నరకు తోటలో కత్తెర చప్పుడు వినబడినది. దుప్పటి కప్పుకొనే వెనుక తలుపు తీసితిని. మూడవ అంతస్తులో కొడుకు దగ్గర ఉండే కుసుమ్ తాయి గారు గోంగూర మడిలో పీట వేసుకొని కూర్చొని ఉన్నారు. డెబ్బయి నాలుగేళ్ళ మనిషి. మహారాష్ట్రలో యవత్‌మాళ్ వైపు వారు. అందరూ తాయి అని, అంటే అక్క అని, పిలుస్తారు. ఆవిడ పక్కన గుడ్డ సంచీ. ఇంకో పక్కన, ఆవిడ పీకి పోసిన కలుపు కుప్ప.

నన్ను చూసి బెదరలేదు. "అరే లక్ష్మీపతి జీ! జ్వరంలో బయటికెందుకు వచ్చారు? లోపలికి వెళ్ళండి" అని హిందీలో కోప్పడినారు. ఆ తరువాత మందలింపు. "నేను నాగ్‌పూర్‌లో మా కూతురి దగ్గరికి వెళ్ళి మొన్ననే వచ్చాను. ఈ మూడు వారాలూ మీరు ఒక్క కలుపు మొక్కైనా తీయలేదు. చూడండి ఎలా అయిందో."

"తాయీ, మీరు దీన్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తానేమిటి? అంబాడీ కదా. ఇంత జొన్న నూక వేసి ఉడికించి, వెల్లుల్లి పోపు పెట్టి తింటాం. మా కొడుక్కి ప్రాణం. మీరు ఎంతకీ కోయడం లేదు, పాడైపోతోందని జూన్‌లోనే మీ ఆవిడని అడిగాను. జరూర్ అంది. మా కొడుకు ఆఫీసుకు పోయిన రోజుల్లో వచ్చి కోసుకుంటున్నా."

అయ్యా, మహారాష్ట్ర మన పక్క రాష్ట్రమని పరీక్షలో వ్రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి నేను. సరిహద్దు దగ్గర గోంగూరకు చెక్‌పోస్టు ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నట్లున్నాను. ఈ ఆకు మనది, మనకు తప్ప ఎవరికీ తెలియదని ఆఫీసులో ముప్పయి ఆరేళ్ళుగా చెబుతున్నాను. ఛత్తీస్‌గఢ్‌ నుంచి వచ్చిన మా స్టెనో రోజూ ఎదురుగా కూర్చుని వినేవాడు. ఇప్పుడు అడిగితే, "మా ఊళ్ళోనూ తింటాం సార్, మీరు చెబుతుంటే మధ్యలో ఎందుకని ఊరుకున్నా" అన్నాడు.

9. సాయంత్రము నా భార్య రాగానే అడిగితిని.

"జూన్‌లోనా?" అని చేతిసంచీ దించింది. "అవును, పాల బూత్ దగ్గర. మీ ఇంట్లో అంబాడీ చాలా ఉంది, కొంచెం తీసుకోనా అంది. అంబాడీ అంటే కబాడీ, పాత పేపర్లో, అట్టపెట్టెలో అనుకున్నా. హాఁ హాఁ, జరూర్ అన్నాను."

"అర్థం కాకపోతే అడగొద్దూ?"

"అన్నీ అర్థమయ్యే మీరు అందరినీ అడిగారుగా, నన్ను తప్ప" అని ఆమె కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

కాబట్టి విచారణలో తేలినది ఏమనగా: సదరు చోరీ ఇంటి యజమానురాలి అనుమతితో, పట్టపగలు, పీట వేసుకొని జరిగినది. దొంగ నా మడులకు కలుపు తీసి, పురుగు ఏరి, ప్రతిఫలంగా ఆకు తీసుకొన్నది. జూలైలో నా గోంగూర ఏపుగా ఉన్నప్పుడు నేను చేసిన ఎరువు గురించి తమకు కూడా ఒక పావుగంట చెప్పియుంటిని. అది ఎరువు కాదు. తాయి గారు.

10. ఆ మరునాడు శేషగిరి గారి ఇంటికి పోయితిని. తలుపు తీసిన సుభాషిణి గారు నన్ను చూసి, "బిల్లు కావాలా అన్నయ్యగారూ?" అన్నారు. నవ్వలేదు. నేను గుమ్మంలోనే జరిగినదంతా చెప్పి చేతులు జోడించితిని. లోపలి నుంచి శేషగిరి గారు వచ్చి అంతా విన్నారు.

"నాకు జరిగింది ఒక మాట. అతనికి పోయింది ఉద్యోగం. ముందు అతని దగ్గరికి వెళ్ళి, తర్వాత ఇక్కడికి రండి" అన్నారు. తలుపు వేయలేదు కానీ, కూర్చోమనలేదు.

11. ఏజెన్సీ వారు చిరునామా ఇచ్చుటకు వారము తీసుకొన్నారు. సెప్టెంబరు 14, ఆదివారము ఉదయము ఖోడాలో అతని గది పట్టుకొంటిని. మూడు సందులు తప్పిపోయినాను. హర్‌స్వరూప్ గుమ్మంలో కూర్చొని బంగాళాదుంపలు తరుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడినాడు. సెల్యూట్ చేయబోయి, నెత్తి మీద టోపీ లేదని గుర్తొచ్చి చెయ్యి దించినాడు. నా నోటి నుండి మొదట వచ్చినది క్షమాపణ కాదు, ప్రశ్నే.

"తాయి గారు రోజూ వస్తున్నారని నాకెందుకు చెప్పలేదు?"

"మీరు తెలుగు వాళ్ళు వచ్చారా అని అడిగారు సాబ్. ఎవరూ రాలేదు. రాలేదనే చెప్పాను."

"ఆవిడ వస్తోందని చెప్పొచ్చు కదా?"

"ఆవిడ మేడమ్‌ని అడిగి వస్తున్నారు. నాకూ చెప్పి లోపలికి వెళ్ళేవారు. మీరు వచ్చి చోర్ ఎవరు అని వెతుకుతున్నారు. అడిగి వచ్చిన మనిషి పేరు చోర్ అన్న చోట ఎలా చెబుతాను సాబ్?"

ఇరుకు సందులో వెళ్ళేవాళ్ళు ఒరుసుకుంటూ పోతున్నారు. నేను తప్పు చేసినాను, మళ్ళీ నీ గేటు నీకు ఇప్పిస్తాను అన్నాను. అతను కత్తిపీట పక్కకు జరిపి, తిరిగి కూర్చున్నాడు.

"ఆ గేటు వద్దు సాబ్. ఆ బోర్డు ముందు నిలబడి చదివినవాళ్ళందరికీ రోజూ నమస్తే పెట్టాలి. నాకు వేరే చోట పని దొరుకుతుంది. రెండు చోట్ల రమ్మన్నారు కూడా. పాత ఏజెన్సీకి ఫోన్ చేసి, చోరీలో తీసేశారంట కదా అని వద్దన్నారు. ఆ ఒక్క మాట తీయించండి. ఇంకేమీ వద్దు."

నేను తీసుకొనిపోయిన మిఠాయి డబ్బా గుమ్మం మీద పెట్టితిని. మొహమాటానికి కూడా అతను ముట్టుకోలేదు. అక్కడే వదిలి వచ్చితిని. సందు చివరికి వచ్చేసరికి ఎవరో పిల్ల పరిగెత్తుకొచ్చి ఆ డబ్బా నా చేతికి ఇచ్చి వెళ్ళిపోయింది.

12. నేను ఏజెన్సీ వారి దగ్గరకు మూడు మార్లు పోయితిని. ఫిర్యాదు తప్పని ఫిర్యాది చెబితే సరిపోదట. నివాస సముదాయము తరపున తమరు వ్రాసి ఇవ్వవలెనట. ఒక మాట కాగితము ఎక్కుటకు ఒక సాయంత్రము పట్టును, దిగుటకు ఎంత పట్టునో ఇన్నాళ్ళు కాగితాల మధ్య బతికిన నాకు తెలిసియుండవలసినది. తెలిసే ఎక్కించితిని.

13. కావున తమరిని వేడుకొనునది:

(అ) హర్‌స్వరూప్ ఎనిమిదేళ్ళలో ఏ తప్పూ చేయలేదనియు, అతని మీద వచ్చిన ఆరోపణ వట్టిదనియు, వట్టిదని ఒప్పుకొన్నవాడు లక్ష్మీపతి అనియు, నా పేరుతో సహా ఏజెన్సీకి లేఖ ఇప్పించవలెను.

(ఆ) అదే సంగతి హిందీలో వ్రాయించి బి-4 బోర్డు మీద, మునుపటి నోటీసు ఉన్న చోటనే, అంతే పెద్ద అక్షరాలలో అంటించవలెను. నా ముఖము దాచుటకు 'ఒక నివాసి' అని వ్రాయవద్దు.

(ఇ) తప్పుడు ఫిర్యాదు ఇచ్చినందుకు నా మీద ఏ చర్య తీసుకొన్నను నాకు సమ్మతము. తోట జాగా వెనక్కు తీసుకొనుట కూడా అందులో చేర్చుకొనవచ్చును. అయితే తాయి గారికి ఒక మడి విడిచిపెట్టవలెనని కోరుచున్నాను, ఏలయన ఆమె దానిని నాకంటే బాగా చూసుకొనును.

ఇంతకు ముందు మూడు మార్లు కోపముతో వ్రాసిన చేతితోనే సిగ్గుతో వ్రాసిన ఈ నాలుగవ కాగితమును దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, జూలై నుండి తమ విలువైన కాలమును ఆకుకూరల కొరకు వృథా చేసినవాడు,

లక్ష్మీపతి
సెక్షన్ ఆఫీసరు

తా.క.: కిరీటి గారూ, ఇది బుధవారం పొద్దున రాస్తున్నాను. నిన్న అర్జీ ఇవ్వబోతే అర్జీలు శుక్రవారమే చూస్తారని మీ ప్యూను చెప్పాడు. రాత్రి హర్‌స్వరూప్ నాకు మొదటిసారి తనంతట తాను ఫోన్ చేశాడు. వసుంధరలో ఒక బడి గేటు దగ్గర పని ఉందట. గురువారం సాయంత్రంలోగా లేఖ చూపిస్తే అతనికి ఇస్తారు, లేకపోతే వేరేవాళ్ళకి. శుక్రవారం వద్దండీ. నేను సెలవు పెట్టి మీ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. జనాన్ని ఇలా బెంచీల మీద కూర్చోబెట్టడమే నాకు అలవాటు, కూర్చోవడం ఇదే మొదలు. వీపు నొప్పి పుడుతోంది, అయినా లేవను. ఈ కాగితం తలుపు సందులోంచి లోపలికి తోస్తున్నాను. తిరిగి బయటికి తోసేస్తే మళ్ళీ తోస్తాను.

అర్జీ మీద అధికారి స్వహస్తంతో:

చదివాను. ఆగస్టు 11 నాటి నోటీసు రద్దు. కోరిన విధంగా పేరుతో సహా కొత్త నోటీసు వేయండి. ఏజెన్సీకి లేఖ భోజన విరామం లోపు టైపు చేయించి నా సంతకానికి పెట్టండి. ఒక కాపీ అర్జీదారు చేతికే ఇవ్వండి, ఆయనే ఖోడా తీసుకువెళతారు. తోట జాగా గురించి ఇప్పుడు చర్య అవసరం లేదు. ముందు ఇచ్చిన మూడు ఫిర్యాదులను ఫైలులోంచి తీసివేయడానికి నిబంధన ఒప్పుకోదు. ఎవరు ఫైలు తెరిచినా మొదట ఇదే చదివేటట్టు, ఈ అర్జీని వాటి పైన పెట్టి కుట్టండి.

— కిరీటి, 24-9-2025